రూకకు భోజనం

కిందటి వేసవిలో మా అమ్మకు శుక్లాల ఆపరేషన్ జరిగింది. కొన్ని వారాల పాటు కళ్లకు శ్రమ ఇవ్వవద్దన్నారు కనుక, సాయంత్రం పూట ఓ గంట ఆమెకు పుస్తకం చదివి వినిపించే పని నా మీద పడింది. జిల్లా పరిషత్తు హైస్కూళ్లలో ముప్ఫై ఏళ్లకు పైగా తెలుగు చెప్పిన మనిషి కావడం వల్ల, నేను ఒత్తులు సరిగ్గా పలుకుతున్నానా, కామా దగ్గర ఆగుతున్నానా అన్నది కూడా ఆమె కనిపెడుతూనే ఉండేది. మేము మొదట ఎత్తుకున్నది కాకతీయుల కాలం మీద ఈమధ్య వచ్చిన ఒక నవల. దాని పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క పుస్తకానిదే కాదు. మూడో రోజు సాయంత్రం, ఓరుగల్లు కోటలో ఒక యువసేనాని యుద్ధానికి బయలుదేరే ముందు తల్లి చేతి వంట తినే ఘట్టం వచ్చింది. వేడి అన్నం, నెయ్యి, ముద్దపప్పు, పచ్చిమిరపకాయలు వేసి రోట్లో నూరిన పచ్చడి.

"ఆగు," అంది అమ్మ. "అప్పటికి మిరపకాయ ఎక్కడిదిరా?"

నిజమే. మిరపకాయ అమెరికా ఖండాలది. పోర్చుగీసువాళ్ల ఓడల మీద అది మన దేశానికి చేరేసరికి 16వ శతాబ్దం వచ్చింది. ఓరుగల్లు 1323లోనే పడిపోయింది. అంతకు ముందు మన నాలుకకు తెలిసిన కారం మిరియానిదే, కొత్తగా వచ్చిన కాయకు మనవాళ్లు పేరు పెట్టుకున్నది కూడా ఆ మిరియాన్ని చూసుకునే. నేను నవ్వేసి పేజీ తిప్పబోతే అమ్మ ఊరుకోలేదు. పూటకూళ్లింట్లో ఏం పెట్టారో క్రీడాభిరామంలో ఉంది కదా, అది చూసుకున్నా సరిపోయేదిగా, అంటూ కళ్లు మూసుకునే ఆ పద్యం అందుకుంది. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్లు, గడ్డపెరుగు. లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఇదంతా ఒక్క రూకకు, అంటే అప్పటి ఒక్క నాణేనికి.

ఆ కావ్యం రాసింది వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్న తగువు పండితుల మధ్య చాలాకాలం నడిచింది, దాని జోలికి నేను వెళ్లను. ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కనిపించినదల్లా చెప్పుకుంటూ పోవడమే అందులో కథ. భావితరాలకు చరిత్ర అందించాలన్న ఉద్దేశం ఆ కవికి ఉన్నట్టు ఎక్కడా కనిపించదు, అతనికి కావలసింది వినోదం. అయినా కాకతీయుల రాజధానిలో మామూలు మనుషులు ఏం తిన్నారు, ఏ వీధిలో ఏం అమ్మారు, ఏ ఆటలు చూశారు అని తెలుసుకోవాలంటే చరిత్రకారులు ఇవాళ్టికీ ఆ పుస్తకం తలుపే తడతారు.

ఆ రాత్రి మిరపకాయ పొరపాటు కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది వేరొకటి. ఆ నవలలో రాజుల పాలనా సంవత్సరాలు సరిగ్గా ఉన్నాయి, సామంతుల వంశనామాలు సరిగ్గా ఉన్నాయి, ఏ కోట ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయిందో అంతా సరిగ్గా ఉంది. రచయిత కష్టపడ్డాడనడంలో సందేహం లేదు. కాని ఆ కష్టమంతా సింహాసనం చుట్టూ తిరిగింది తప్ప వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. రాజుగారి సంగతి సరిచూసుకోవాలని తోచిన మనిషికి, తల్లి నూరిన పచ్చడి సంగతి కూడా సరిచూసుకోవలసినదేనని తోచలేదు. చారిత్రక నవల గురించి మనం మాట్లాడుకునే మాటలన్నిటిలోనూ ఉన్న లోపం ఇదేనని నాకు అనిపిస్తోంది. "ఇందులో ఎంత నిజం, ఎంత కల్పన?" అని అడుగుతాం. ఆ నిజం అన్న మాటకు మన మనసులో ఉన్న అర్థం రాజు, యుద్ధం, తేదీ.

నేనూ చాలా ఏళ్లు అలాగే అడిగాను. పదిహేనో ఏట అడివి బాపిరాజు 'గోన గన్నారెడ్డి' చదివి, గజదొంగగా పేరుపడి లోలోపల రుద్రమదేవికి అండగా నిలిచే ఆ వీరుణ్ని చరిత్ర అని మనసారా నమ్మాను. తర్వాత కాలేజీ రోజుల్లో, శాసనాల్లో గోన గన్నయరెడ్డి కాకతీయుల కింద ఒక అధికారిగా కనిపిస్తాడే తప్ప దొంగగా కనిపించడని తెలిసి, ఎవరో నన్ను మోసం చేసినట్టు ఉడుక్కున్నాను. ఆ ఉడుకుమోత్తనంలో కొన్నాళ్లు చారిత్రక నవలల వంకే చూడలేదు. ఇప్పుడు ఆ కోపం నాకే చిన్నపిల్లల కోపంలా అనిపిస్తుంది, బాపిరాజు నాకు చరిత్ర పాఠం చెబుతానని ఎప్పుడూ మాట ఇవ్వలేదు.

ఆ నవలను నలభై దాటాక మళ్లీ చదివితే వేరే చరిత్ర ఒకటి కనిపించింది. అది 1940లలో వచ్చింది. ఆ దశకంలో బాపిరాజు హైదరాబాదులో 'మీజాన్' పత్రిక తెలుగు సంపాదకుడిగా పని చేశారు. తెలుగువాళ్లు అప్పుడు కొందరు బ్రిటిషువాళ్ల కింద మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోనూ కొందరు నిజాం రాజ్యంలోనూ ఉన్నారు. కోస్తా నుంచి వచ్చి నిజాం రాజధానిలో కూర్చున్న ఒక రచయిత, తెలుగు నేలనంతా ఒక్క గొడుగు కిందికి తెచ్చే రాణి గురించీ, ఆమెకు అడ్డుపడే సామంతుల గురించీ రాస్తున్నాడంటే అందులో 13వ శతాబ్దం ఎంత ఉందో ఆయన కాలం కూడా అంతే ఉంది. ప్రతి చారిత్రక నవలకూ కథ జరిగిన కాలం ఒకటి, రాసిన కాలం ఒకటి ఉంటాయి. ఎన్నోసార్లు రెండోదే మనకు గట్టి సాక్ష్యం ఇస్తుంది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో పుస్తకాలు ప్రచురించిన విజ్ఞానచంద్రికా మండలి నవలల పోటీల కాలంలో మన రచయితలు రాణీ సంయుక్త గురించీ, రాయచూరు యుద్ధం గురించీ రాశారంటే, వలస పాలన కింద ఉన్న పాఠకులకు ఎలాంటి పూర్వీకులు కావలసి వచ్చారో అది చెబుతుంది. అక్కడితో నా ఆసక్తి ఆగిపోతుందని ఒప్పుకుంటాను, ఆ నవలల్లో నేను మనుషుల ఒంటి వేడి ఎరగను.

గన్నారెడ్డి పేరు ఉన్న శాసనాల్లో ఒకటి కర్ణాటకలోని రాయచూరు కోట గోడలో ఉంది. ఐదారేళ్ల కిందట ఒక పెళ్లికి వెళ్లి, తిరుగు రైలుకు మూడు గంటల సమయం ఉంటే కోటకు వెళ్లాను. గోడలో పొదిగిన ఆ రాతిపలక దాదాపు 40 అడుగుల పొడవు ఉంటుంది. ప్రతాపరుద్రుడి కాలంలో, 1294లో, గోన గన్నయరెడ్డి తరఫున విఠలుడు ఈ కోట కట్టించాడని దాని మీద చెక్కి ఉంది. నేను వెతుక్కుంటూ వెళ్లింది ఆ పేరు కోసమే. కాని దాని దగ్గరే గోడ మీద మరో చెక్కడం ఉంది, చాలాసేపు నేను దాని ముందు నుంచి కదలలేకపోయాను. ఆ మహాశిలను బండి మీద వేసి లాక్కొస్తున్న బొమ్మ అది. బారుగా కట్టిన దున్నపోతులు, వాటిని అదిలిస్తూ తోలేవాళ్లు, చక్రాలు దిగబడకుండా వెనక నుంచి మీటలు వేసి నెడుతున్న మనుషులు. అక్షరాలు చదవలేని నాకు ఆ బొమ్మ చదవడానికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. రాయి మీది రాత గన్నారెడ్డిని చెబుతోంది, పక్కనే ఉన్న బొమ్మ ఆ రాయిని మోసినవాళ్లను చెబుతోంది. నేను ఇన్నేళ్లుగా చదివిన చారిత్రక నవలలు చాలా వరకు ఆ రాతను విస్తరించి రాసినవి. ఆ బొమ్మను విస్తరించి రాసిన నవల నాకు కావాలి.

ఇది రాజుల నవలలు రాయకూడదన్న వాదన కాదు. శ్రీనాథుడు అనగానే మనకు కనకాభిషేకం గుర్తొస్తుంది, రాజసభ గుర్తొస్తుంది. నాకైతే ఆయన పేరు మీద వాడుకలో ఉన్న చాటువుల్లోని బొడ్డుపల్లె కౌలు గుర్తొస్తుంది. పంటను కృష్ణవేణమ్మ కొట్టుకుపోయింది, మిగిలిన నువ్వులూ పెసలూ పిట్టలు తినిపోయాయి, ఏడు వందల టంకాలు ఎలా చెల్లించాలో తెలియక ముసలి కవి ఎండలో నిలబడి శిక్ష అనుభవిస్తున్నాడు. చాటువు కనుక శాసనంలా నమ్మనక్కర్లేదు. కాని దాన్ని కట్టినవాడెవడో వాడికి కౌలు తెలుసు, వరద తెలుసు, పిట్టలు ఏ పైరు మీద వాలతాయో కూడా తెలుసు. కవిసార్వభౌముణ్ని నాయకుడిగా పెట్టుకున్నా సరే, ఈ నువ్వులూ పెసలూ లేని కథ నాకు ఆనదు.

ఇక భాష సంగతి. పాత చారిత్రక నవలల్లో రాణీ, దాసీ, వేగులవాడూ అందరూ ఇంచుమించు ఒకే వ్యాకరణంలో మాట్లాడతారు. పదిహేనో ఏట అది నాకు గంభీరంగా వినిపించేది, ఇప్పుడు అందరూ ఒకే బట్టల కొట్లో అద్దెకు తెచ్చుకున్న దుస్తులు వేసుకున్నట్టు అనిపిస్తుంది. 2015లో వచ్చిన రుద్రమదేవి సినిమాలో గోన గన్నారెడ్డి తెలంగాణ యాసలో మాట్లాడితే హాలు హాలంతా ఊగిపోయింది. 13వ శతాబ్దంలో ఆ యాస ఎక్కడిదని కొందరు పెద్దలు విసుక్కున్నారు. వాళ్లకు నా ప్రశ్న ఒకటే, ఆ మాటకొస్తే మన పాఠ్యపుస్తకాల గ్రాంథికం మాత్రం ఏ సైనికుడు మాట్లాడాడు? పండితుల పద్యాల పక్కనే జానుతెనుగు, అంటే జనం నోట్లోని తేట తెలుగు, కావాలని పాల్కురికి సోమనాథుడు పట్టుబట్టాడంటే, అప్పుడు కూడా ఊరి నోట్లో మాట వేరే ఉందనే కదా. అచ్చంగా ఆ మాట మనకు దొరకదు. దొరకదు కనుక రచయిత ఏదో ఒక యాసను ఎంచుకోక తప్పదు. ఆ ఎంపిక ఎవరి నాలుక వైపు మొగ్గిందన్నదే నేను చూస్తాను. అనంతపురాన్ని ఏలిన హండే రాజుల కాలం మీద బండి నారాయణస్వామి రాసిన 'శప్తభూమి' ఈ విషయంలో నాకు పెద్ద ఊరట. 18వ శతాబ్దపు కథే అయినా అందులో మనుషులు సీమ నేల మీద నిలబడి సీమ మాటే మాట్లాడతారు. రాజు ఉన్నాడు, కోట ఉంది, కాని కథ బరువంతా గొర్రెల కాపరుల మీద, కరువు మీద, కింది కులాల బతుకు మీద ఉంటుంది. 2019లో దానికి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చినప్పుడు, ఆ మొగ్గు నచ్చినవాణ్ని నేనొక్కణ్నే కాదని తెలిసి సంతోషించాను.

చరిత్ర కావాలంటే చరిత్ర పుస్తకాలే చదవచ్చు కదా, మధ్యలో నవల ఎందుకని మా ఇంట్లోనే ఒక ఇంజనీరు బావగారు అడుగుతుంటారు. ఆయనకు నేను ధాత కరువు సంగతి చెబుతాను. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని పీల్చిపిప్పి చేసిన ఆ కరువులో, సహాయపు పనుల్లో కూలికి ఎంత ఇవ్వాలన్న లెక్క ప్రభుత్వ కాగితాల్లో స్పష్టంగా ఉంది. సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1877లో దాన్ని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. పౌను అంటే అరకిలోకు తక్కువ. అది మనిషిని నిలబెట్టదని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ వాదించాడు. చరిత్ర ఇంతవరకు చెబుతుంది, ఇది చిన్న విషయం కూడా కాదు. అప్పట్లో కరువు పనులుగా సాగించిన వాటిలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం ఒకటి. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం'లో, ఎన్నెలదిన్నె నుంచి ఆకలితో బయలుదేరిన శివయ్య, భార్యతో కలిసి ఆ కాలువ పని వెతుక్కుంటూ వెళతాడు. ఆ ఒక పౌను గింజలైనా దొరుకుతాయనుకుని చేరిన చోట కులం వాళ్లకన్నా ముందే చేరి ఉంటుంది. కరువు అందరినీ సమానం చేస్తుందన్న ఊహ ఒకటి నాలో ఎక్కడో ఉండేదని, ఆ ఘట్టం చదివి అది పగిలిపోయినప్పుడే నాకు తెలిసింది. టెంపుల్ లెక్కలో మనిషికి కడుపు ఉంది కాని కులం లేదు. నవల రెండిటినీ ఒకే ఒంటిలో చూపించింది. బావగారు దీనికి సమాధానం చెప్పలేదు, అలాగని నవలలు చదవడమూ మొదలుపెట్టలేదు.

ఇలా ఆలోచిస్తూ పోయేకొద్దీ చారిత్రక నవల, సమకాలీన నవల అన్న విభజన మీదే నాకు నమ్మకం సడలింది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని 1922 నాటికి జరుగుతున్న కథగానే రాశారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా అందుకే, పాత రాజుల కథ అయితే ఆ కష్టం తీసుకునేవాళ్లు కాదు. ఇవాళ అది గుంటూరు పల్లెల కూలి బతుకు గురించి మనకున్న చారిత్రక నవల. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' 1955లో వచ్చేసరికి నిజాం పాలన ముగిసి ఏడేళ్లే అయింది. తాను కళ్లారా చూసిన వెట్టిని, నిన్నమొన్నటి సంగతిని ఆయన రాశారు. ఇప్పటి పిల్లలకు అది ముత్తాతల కాలం. ఇందుకు భిన్నంగా, గతాన్ని తెలిసే ఎంచుకున్న పుస్తకం మహీధర రామమోహనరావు 'కొల్లాయి గట్టితేనేమి'. 1960లలో కూర్చుని 1920ల నాటి కోనసీమను రాశారు. అందులో స్వరాజ్యం గాంధీగారి సభల్లో కన్నా అగ్రహారపు ఇళ్ల మడి దగ్గర, అరుగుల మీది వాదాల దగ్గర, వేరుపడుతున్న అన్నదమ్ముల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. మా అమ్మది ఆ ప్రాంతమే. ఆ పుస్తకం ప్రస్తావన వస్తే ఆమె నవల గురించి మాట్లాడదు, మా తాతయ్య గురించి మాట్లాడుతుంది.

అందుకని ఇప్పటి నవల చేతికి వస్తే నేను ఒకటి చూసుకుంటాను. వందేళ్ల తర్వాత ఎవరైనా ఇది తెరిస్తే, రూకకు ఏం పెట్టారో అందులో దొరుకుతుందా? నగరం మీద వస్తున్న చాలా నవలలు ఈ పరీక్షలో తప్పుతున్నాయని చెప్పక తప్పదు. కథానాయకుడికి లోతైన ఒంటరితనం ఉంటుంది, కాఫీ షాపు ఉంటుంది, వర్షం ఉంటుంది. ఇంటి అద్దె ఎంతో, జీతంలోంచి ఊరికి ఎంత పంపుతాడో, ఆ ఇంట్లో అంట్లు ఎవరు తోముతారో మాత్రం ఉండదు. డబ్బు గురించి రాయడం సాహిత్యానికి తక్కువన్న భావం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అంతుబట్టదు. చంద్రలత 'రేగడివిత్తులు'లో విత్తనం, నేల, అప్పు తెలుసు. 1997లో తానా నవలల పోటీ బహుమతి దానికి వచ్చింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'లో, ఇంజనీరింగు చదివి ఉద్యోగం దొరకని కుర్రాడు కరువు రోజుల్లో తండ్రితో, గొర్రెల మందతో నల్లమల ఎక్కుతాడు. ఆ అడవిలో ఏ గడ్డి గొర్రెకు మంచిది, నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, రాత్రి మంద చుట్టూ ఎవరు ఎలా కాపు కాస్తారు అన్నదంతా కథలోనే కలిసిపోయి వస్తుంది. 2021లో అది సినిమాగా కూడా వచ్చింది, కాని నేను చెబుతున్న సరుకు పుస్తకంలోనే దొరుకుతుంది.

వస్తువుల పేర్లు పేర్చితే చాలు నవల అయిపోతుందని నా ఉద్దేశం కాదు. అలాంటి పుస్తకాలూ చదివాను. పరిశోధనలో దొరికిన ప్రతి గిన్నె పేరూ, ప్రతి నగ పేరూ పేజీ నిండా దించేస్తారు, చదువుతుంటే మ్యూజియం అద్దాల మధ్య నడుస్తున్నట్టు ఉంటుంది. క్రీడాభిరామం పద్యం జాబితాలాగే ఉంటుంది కాని జాబితా కాదు, దాన్ని చెప్పేవాడికి ఆకలిగా ఉంది. నెయ్యి కొత్తగా కాచింది, పెరుగు గడ్డకట్టింది, పంచదార గుప్పెడు. ఆ కొలతలన్నీ నాలుకవి. ఆకలి ఎవరిదో తెలియకుండా వంటకాల పేర్లు రాసిన రచయిత, మిరపకాయ తీసేసి మిరియాలు వేసినా నాకు ఆ పచ్చడి రుచి తెలిసేది కాదు.

ఆ కాకతీయుల నవలను మేము మధ్యలో వదిలేయలేదు. అమ్మకు అందులో యుద్ధం నచ్చింది, ఆఖరి పేజీ దాకా చదివించుకుంది. తర్వాత ఆమె అడిగిన మీదటే 'కొండపొలం' మొదలుపెట్టాం. కోనసీమ చెవికి కడప మాట అంత తేలిగ్గా ఎక్కదు. అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా నన్ను ఆపి, క్యాలెండరులో చింపిన పాత నెల కాగితం వెనకవైపు పెద్ద అక్షరాలతో రాయించేది. రెండు వారాలకు పదకొండు మాటలు పోగయ్యాయి. నిఘంటువులో నాలుగే దొరికాయి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది బద్వేలు వైపు పల్లె అని గుర్తొచ్చి, ఒక ఆదివారం అతన్ని పైకి పిలిచి కూర్చోబెట్టి అమ్మే ఒక్కొక్కటీ అడిగింది. మూడింటికి వెంటనే చెప్పాడు, ఒకదానికి చేతులతో గొర్రెను పట్టుకున్నట్టు చేసి చూపించాడు. మిగిలిన మూడూ తన తండ్రి అనేవాడనీ, పండక్కి ఊరెళ్లినప్పుడు చిన్నాయన్ను అడిగి వస్తాననీ ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లాడు.